గత నాలుగు వారాల్లో

మా అక్క సుబ్బరత్నమ్మ చేసిన ఆఖరి మామూలు పని, ఒక దుప్పటిని వెనక్కి పంపడం.

2003 ఆగస్టులో ఒక బుధవారం పొద్దున పెడన శివారు కాలవలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి కలంకారీ దుప్పట్లు జాడిస్తోంది. ఇరవై మూడేళ్లుగా అదే ఆమె పని. అచ్చులతో అద్దిన బట్టను పారే నీళ్లలోనే జాడించాలి. నిలవనీళ్లలో ముంచితే నలుపు పక్కకు పాకి పువ్వంతా మసిబారుతుంది. ఆ రోజు ఒక దుప్పటి అంచులో, తీగ మీద ఉండాల్సిన ఆకు ఒకటి లేదు. దాన్ని పిండి భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్లి, బల్ల దగ్గర అద్దకం చేస్తున్న మా బావ పోతయ్య ముందు పడేసింది.

"ఈ ఆకు ఏ మేక తినిపోయిందండీ?"

"అంత అంచున ఎవడు చూస్తాడే?"

"నేను చూశాగా. నేను మనిషిని కానా?"

షెడ్డంతా నవ్విందట. బావ గొణుక్కుంటూ ఆ ఆకు అద్దాడు. మధ్యాహ్నానికి అక్కకు వణుకు పుట్టింది. శనివారం పొద్దున బందరు ఆసుపత్రిలో పోయింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి.

అక్కకు ఎడమకాలు బోదకాలు. పెళ్లయిన రెండో ఏడు పాదం మీద వాపు కనిపించింది. ముప్పై ఏళ్లు వచ్చేసరికి మోకాలి కింద భాగమంతా మడతలు పడి గట్టిపడిపోయింది. వీధిలో ఆమె పేరు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. 'ఏనుగుకాలావిడ' అంటేనే ఇల్లు చూపించేవాళ్లు. నేను గుడివాడలో కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. మా ఇంట్లో శుభకార్యం ఉంటే అక్కను ముందురోజు పిలిచి, భోజనం పెట్టి, చీర పెట్టి పంపించేసేవాళ్లం. ఫొటోల్లో ఆ కాలు పడుతుందని మా ఆవిడ అనేది. నేను కాదనేవాణ్ణి కాదు. అక్క ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

చెప్పులు జతగానే అమ్ముతారు కాబట్టి జత కొనేది. కుడిది తొడుక్కుని, ఎడమది చూరులో దోపేది. అలా ఏడెనిమిది కొత్త ఎడమ చెప్పులు అక్కడే ఎలకలకు వదిలేసి ఉండేవి. బందరులో కొట్టువాడు ఒకసారి, "కుడికాలు లేనోణ్ణి ఎవణ్ణన్నా ఎతికి తీసుకురామ్మా, జత సరిపోద్ది," అన్నాడు.

"నీ కాలే తీయించుకో నాయనా, నాకు ఎతుకులాట తప్పుద్ది," అంది అక్క.

కాలి వికారం ఆమె ఎప్పుడో మింగేసింది. మింగలేనిది జ్వరం. నీళ్లలో నాని నాని వేళ్ల సందుల్లో చర్మం చిట్లేది. అక్కణ్ణుంచి విషం కాల్లోకి పాకేది. పళ్లు టకటకలాడే చలి, కాలిన ఇటుకలా ఎర్రబడ్డ కాలు, మూడు రోజులు మంచం. నెలకొకసారి తప్పేది కాదు. వచ్చిపోయిన ప్రతిసారీ కాలి మీద మరికాస్త వాపు మిగిల్చి పోయేది. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు జ్వరం బిళ్లలు ఇచ్చేవాడు. జ్వరం రాకుండా చేసే ఇంజక్షను ఒకటుందని నేను ఎక్కడో విని అడిగితే, "అది పడకపోతే మనిషి నా కళ్లముందే పోద్దండీ, నావల్ల కాదు," అన్నాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక పరిశోధన బృందం మా జిల్లాకు వచ్చింది. దాని పెద్ద డాక్టర్ నాగభూషణరావు గారు. మంచి మాటకారి. మా ప్రిన్సిపాలు గదిలో కూర్చుని నాతో, "వాపు కొలవడానికి నా దగ్గర టేపు ఉంది మాస్టారూ. వాపుతో మనిషి ఎలా బతుకుతున్నాడో కొలవడానికి ఈ కాగితం ఉంది. దీన్ని తెలుగు చెయ్యాలి," అన్నారు.

ఇరవై ఆరు ప్రశ్నలు. నిద్ర, నొప్పి, నడక, పని, నలుగురిలోకి వెళ్లడం, భార్యాభర్తల సఖ్యత, మనసు. ప్రతి ప్రశ్నా 'గత నాలుగు వారాల్లో' అని మొదలవుతుంది. అంతకు మించి వెనక్కి అడిగితే జ్ఞాపకం మోసం చేస్తుందని డాక్టరుగారు చెప్పారు. 'జీవన నాణ్యత' అని మొదట రాసి, అది చిలకలపూడి గిల్టు నగల కొట్లో మాటలా ఉందని కొట్టేసి, 'మీ బతుకు ఎలా ఉంది' అని మార్చాను. నా తెలుగును ఇంకెవరిచేతో మళ్లీ ఇంగ్లీషు చేయించి, మొదటి కాగితంతో పోల్చి చూశారు. ఎక్కడా తేడా రాలేదు. డాక్టరుగారు నా భుజం తట్టారు. ఆ తట్టడం నాకు చాలారోజులు గుర్తుంది.

పెడన చుట్టుపక్కల బోదకాలున్న నూట పదిమందిని అడుగుతారు. జవాబులకు అంకెలు వేస్తారు. నూరు వస్తే బతుకు నిండుగా ఉన్నట్టు. నలభై అయిదుకు తగ్గినవాళ్లలో ముప్పైమందిని తీసుకుని, ఏడాదిపాటు మూడు వారాలకొకసారి ఆ ఇంజక్షను ఇస్తారు. నర్సు ఇంటికొచ్చి కాలు కడిగి, వేళ్ల సందుల్లో మందు రాస్తుంది. అక్కకు జ్వరాలు ఆగే దారి ఆ ముప్పై చోట్లలో ఒకటి దక్కడమే. బందరులో అడిగినా అదే జవాబు, ఇంకో దారి లేదు. నేనే వెళ్లి చెప్పాను.

"జ్వరం ఒక్కటి పోతే చాల్రా తమ్ముడూ. కాలు ఉంటే ఉండనీ, అలవాటైపోయింది," అంది.

ఎప్పుడు మొదలుపెడదామని డాక్టరుగారు నన్ను అడిగారు. మేలో పెట్టండి, మా డిగ్రీ పిల్లలకు సెలవులు, వాళ్లు ఇళ్లకు తిరిగి అడుగుతారు అన్నాను.

"మేలో ఆ ఊళ్లో ప్రత్యేకంగా ఏమైనా ఉంటుందా? కోతలు, జాతర్లు, అలాంటివి? జవాబులు అటూ ఇటూ అవుతాయి."

"ఏమీ ఉండదండీ. జనం ఖాళీగా ఉంటారు."

ఖాళీగా ఎందుకుంటారో పెడనలో పుట్టినవాణ్ణి, నాకు తెలుసు. ఏప్రిల్ నడిమికి కాలవలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా జాడింపు ఉండదు. ఆ రెండు నెలలూ అక్క కాలు పొడిగా ఉంటుంది. వేళ్ల సందులు మానుతాయి. జ్వరం రాదు. ఏడాదిలో ఆమె మనిషిలా పడుకుని లేచేది ఆ రెండు నెలలే. ఇది నాకు కొత్త సంగతి కాదు. డాక్టరుగారు అడిగినప్పుడు నా బుర్రలో మా పిల్లల సెలవులున్నాయి, కాలవ లేదు.

మే పందొమ్మిదిన అక్కను అడిగారు. అడిగిన అమ్మాయి రజని, మా కాలేజీలో బీఎస్సీ. చుట్టాలు దగ్గరుండకూడదని నియమం కనుక నేను వీధి చివర టీ బంకు దగ్గర నిలబడ్డాను. అరగంటలో అయిపోయింది. సాయంత్రం కాగితాలు సరిచూస్తుంటే అక్క జవాబులు నా చేతికొచ్చాయి.

గత నాలుగు వారాల్లో జ్వరం వచ్చిందా? లేదు. నొప్పి వల్ల పని మానేశారా? లేదు. అసలు పనే లేదు మరి. చెప్పులు వేసుకోవడానికి ఇబ్బంది పడ్డారా? లేదు. ఆ ఇబ్బంది పడటం ఆమె పదేళ్ల కిందటే మానేసింది. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లలేకపోయారా? లేదు. పిలిచినవాళ్లు ఉంటేగా వెళ్లలేకపోవడానికి. మీ కాలు చూసి ఎవరైనా దూరం జరిగారా? లేదు. దూరం జరగాల్సినవాళ్లందరూ అప్పటికే జరిగిపోయి ఉన్నారు. భర్తతో సఖ్యత? మామూలే. బావ పదకొండేళ్లుగా అరుగు మీద పడుకుంటున్నాడు. అదే వాళ్ల మామూలు. ఒక్క అబద్ధం లేదు. ఏ అంకె కిందా గీత పెట్టి ఇది తప్పు అనడానికి వీల్లేదు.

ఎనభై ఒకటి వచ్చింది. నూట పదిమందిలో అదే ఎక్కువ. అదే కాగితం నాకు వేసి చూసుకుంటే అరవై నాలుగు.

అక్క పక్కన నిలబడి బట్టలు జాడించే బుల్లెమ్మకు వచ్చింది ముప్పై ఎనిమిది. ఆమెకు వాపు చీలమండ దాటలేదు, జ్వరం ఏడాదికొకసారి. కానీ అడగడానికి వెళ్లేందుకు వారం ముందే అత్తగారు పోయింది. ఏడుస్తూ జవాబులు చెప్పింది. బుల్లెమ్మకు చోటు దొరికింది.

డాక్టరుగారి దగ్గరకు వెళ్లి, మా అక్క సంగతి ఒకసారి చూడండి అన్నాను. ఆయన కాగితం చూసి నవ్వారు. "ఇంత కాలుతో ఎనభై ఒకటి! ఈవిడ నాకన్నా సుఖంగా ఉందండీ. రేపు సమావేశంలో ఈ కాగితమే చూపిస్తాను." తర్వాత మెల్లగా, "మీ అక్కగారని అంకె మారిస్తే ఇంక ఇది పరిశోధన ఎలా అవుతుంది మాస్టారూ?" అన్నారు. నాకు ఆ మాట న్యాయంగా తోచింది. అప్పుడు కూడా కాలవ గుర్తు రాలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

అక్క ఇంటి ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చెడ్డ కబురు నవ్వుతూ చెబితే తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

"నూటికి ఎనభై ఒకటి వచ్చాయక్కా. ఊరికి ఫస్టు నువ్వే."

"బడి మొహం చూడందాన్ని. ఎక్కడో అక్కడ ఫస్టు రావొద్దూ?" నవ్వింది. కాసేపు గింజలు తీసింది. "అయితే సూది ఎయ్యరన్నమాట."

"బాగున్నవాళ్లకు వెయ్యరంట."

"బుల్లెమ్మకి?"

"దానికి వేస్తారు."

"మంచిదేలే. దానికి ఓపిక తక్కువ."

అంతే. వెళ్లేటప్పుడు మా పిల్లలకని చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది.

జూన్ పదహారున కాలవ వదిలారు. నెలాఖరుకు మొదటి జ్వరం. జూలైలో రెండు. అప్పుడు తెలివి వచ్చి డాక్టరుగారికి ఫోన్ చేశాను. మళ్లీ అడగమన్నాను. "నవంబరులో రెండో విడత ఉందండీ. అప్పుడు అంకె తగ్గితే చూద్దాం," అన్నారు. అక్కతో నవంబరు దాకా నీళ్లలో దిగకు అన్నాను. "నేను దిగకపోతే ఇంకోళ్లు దిగుతారు, నవంబరులో నన్ను ఎవరు దిగనిస్తారు?" అంది. పక్కనే బుల్లెమ్మ, ఇంజక్షను వేయించుకున్న మనిషి, అదే నీళ్లలో ఏ జ్వరమూ లేకుండా పాట పాడుకుంటూ జాడించేది.

నాలుగో జ్వరం దిగలేదు. విషం ఒళ్లంతా పాకిందని బందరులో చెప్పారు. మూడు రోజులూ అక్కకు తెలివి లేదు.

పాడె మీద ఒళ్లు ఎడమ పక్కకు ఒరిగిపోతూ ఉంది. మోసేవాళ్లలో ఒకడు, "ఈ పక్కకి ఇంకోడు రావాల్రా," అని కేకేశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను వెళ్లి ఆ పక్కన భుజం పట్టాను. బరువు నిజంగానే అటు ఉంది.

నవంబరులో రెండో విడత అడిగారు. చనిపోయినవాళ్లకు సున్నా వేయాలని ఆ లెక్కల్లో నియమం. పది రోజుల తర్వాత నాగభూషణరావు గారు ఫోన్ చేశారు. గొంతులో మర్యాదకు లోటు లేదు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. మీ అక్కగారి సున్నా వల్ల బాగున్నవాళ్ల సగటు బాగా కిందికి పోతోంది. ఎనభై ఒకటి నుంచి సున్నా అంటే ఎవరూ నమ్మరు. ఊరు విడిచి వెళ్లినవాళ్ల కింద రాసేద్దామా?"

"మీ ఇష్టమండీ," అన్నాను.

నివేదిక అచ్చయ్యాక ఒక ప్రతి నాకు పంపారు. తెలుగు అనువాదం అని చివరి పేజీలో నా పేరుంది. ఊరు విడిచి వెళ్లినవారు నలుగురు. బావ ఆ షెడ్డులోనే పనిచేస్తున్నాడు.

అయిదేళ్ల తర్వాత గుడివాడ బస్టాండులో ఒకావిడ నమస్కారం పెట్టింది. రజని. చల్లపల్లిలో టీచరుగా చేస్తోందట. ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ అక్కగారు ఎలా ఉన్నారు మాస్టారూ?" అంది.

"పోయిందమ్మా. ఆ ఏడే."

"ఆవిణ్ణి మర్చిపోలేనండీ. మొదటి ప్రశ్నకే నన్ను ఆపేశారు. 'నాలుగు వారాలేంటమ్మాయ్, కాలవ కట్టేసి అయిదు వారాలైంది. ఏడాది మొత్తానికి అడుగు, చెప్తా' అన్నారు. కాగితంలో ఎలా ఉంటే అలాగే అడగాలండీ అన్నాను. 'ఆ కాగితం రాసిందెవరు?' అన్నారు. మీ పేరు చెప్పాను."

"ఏమంది?"

"'మా తమ్ముడా? అయితే వాడు కాలవ సంగతి చూసుకునే రాసుంటాడు. అడుగు' అన్నారండీ."