వారం వెనక్కి తిప్పిన కంప్యూటర్

ఇదొక మహాకావ్యం. ఇందులో నమ్మకద్రోహం ఉంది, చేజారిన కొలువు ఉంది, ఆరేళ్లుగా నా గుండెల మీద కూర్చున్న బండరాయి ఉంది.

కాదులెండి. ఉన్నది నాంపల్లిలో ఒక కిరాయి గది, ఒక కంప్యూటర్, ఒక తప్పుడు తారీఖు. బండరాయి కూడా కాదు, చెప్పులో రాయంత. కానీ ఆరేళ్లు నడవాలంటే అది చాలు.

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయడానికి నాకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. ఆబిడ్స్‌లో ఒక షాపుకు వెళ్లాను. అద్దాల బీరువాలోంచి పెట్టె తీసి చేతికిచ్చారు. ధర విన్నాను. బయట ఉంటే దుమ్ము పడుతుందని, మళ్లీ లోపల పెట్టమని నేనే చెప్పాను.

తర్వాత ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ దొరికింది. నెల రోజుల ట్రయల్. నెల కాగానే తలుపు మూసుకుంటుంది. కంప్యూటర్లో తారీఖు వెనక్కి తిప్పితే మళ్లీ తెరుచుకుంటుంది. ఈ కిటుకు మా కాలేజీలో అందరికీ వచ్చు. నేను సరిగ్గా వారం చొప్పున తిప్పేవాణ్ని. అలాగైతే ఆదివారం ఆదివారంగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. దీన్ని తెలివి అనుకున్నాను.

పక్క గదిలో ప్రభుదాస్ ఉండేవాడు. మెదక్ వాడు, నాకంటే ఏడాది చిన్న. వాళ్ల నాన్న మిషన్ దవాఖానాలో కాంపౌండర్, ఆ ఏడే రిటైరవుతున్నాడు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ కొలువు పడింది. దరఖాస్తు ఇరవయ్యో తారీఖులోగా స్వయంగా ఇచ్చి రావాలి. ఆ ఇంటికి ఆ కొలువు ఎంత అవసరమో నాకు తెలుసు. వాడి బయోడేటా నా దగ్గరే టైపు చేయించుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఒరిజినలేనా అని అడిగితే, ఆబిడ్స్‌లో కొన్నానని చెప్పాను. ఆ పెట్టెను చేత్తో పట్టుకున్న మాట వాస్తవమే కదా.

ఆ మంగళవారం ట్రయల్ అయిపోయింది. వాడి కోసమే మొదటిసారి తారీఖు వారం వెనక్కి తిప్పాను. టైపు చేస్తుంటే వెనక నుంచి అడిగాడు.

"అన్నా, ఇయ్యాల తారీఖెంత?"

తెర మూలకు చూశాను. "పది."

"అయితే వచ్చే వారం శుక్రవారం దాక టైముంది."

"ఔ, ఫికర్ జేయకు. ఆరామ్‌గ పోయి సంతకాలు పెట్టించుకొని రా."

ఆ రోజు నిజానికి పదిహేడు.

అక్కడి నుంచి వాడు తారీఖులు చూడలేదు, శుక్రవారం కోసమే చూశాడు. మెదక్ వెళ్లి సర్టిఫికెట్ల నకళ్ల మీద సంతకాలు చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని లక్డీకాపూల్ వెళ్లాడు. గడువు పోయిన శుక్రవారమే ముగిసిందన్నారు. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేనే సరిగ్గా చూసుకోలేదు అన్నా, అన్నాడు.

చెప్పాల్సిన క్షణం అది. నోరు తెరిచాను కూడా. తెరిచి ఏమన్నాను? పోనీలే తమ్మీ, అలాంటివి చాలా వస్తాయి అన్నాను. ఆ సాయంత్రం వాడే నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి, టైపు చేసిపెట్టినందుకు సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపించాడు. తిన్నాను. బాగుంది కూడా. ఆ సంగతే ఇప్పటికీ మింగుడుపడదు.

పది అని చెప్పినప్పుడు, టైపు ధ్యాసలో తారీఖు తిప్పిన సంగతి నాకు గుర్తులేదు, నిజం. మరి వాడు తిరిగొచ్చిన ఆ శుక్రవారం గుర్తొచ్చింది కదా? ఎందుకు ఊరుకున్నాను? కొలువు పోయిందని కోప్పడతాడని కాదు. వాడు కోప్పడే రకం కాదు. ఒరిజినల్ అని కోసిన కోత బయటపడుతుందని. ఒకడి బతుకుతెరువు ఒక పక్క, నా గొప్ప ఒక పక్క పెట్టి తూచి, గొప్ప వైపు మొగ్గాను. విలన్‌కైనా ఇంతకంటే మంచి కారణం ఉంటుంది.

ప్రభుదాస్ చెడిపోలేదు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పుకుని, ఇప్పుడు మెదక్‌లో ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. మొన్న వెళితే తన క్లాసు చూపించాడు. కొత్త పిల్లలకు మొదటి రోజు తన కథే చెబుతాడట. నేను తారీఖు సరిగ్గ సూడక మంచి కొలువు పోగొట్టుకున్న, మీరు జర రెండుసార్లు సూసుకోండ్రి అని. ఆ రోజూ అదే చెప్పాడు, పిల్లలు శ్రద్ధగా విన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని చెప్పులు చూసుకున్నాను.

వాడు చేయని తప్పును ఏటేటా ఒక క్లాసు ముందు ఒప్పుకుంటున్నాడు. చేసినవాణ్ని నేను, మీకు చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది. అయినా చెప్పేశాను. నా పేరు లేకుండానే అయినా చెప్పాను, కాలు తేలికగానే ఉంది.

ఈ ఆదివారం వాడు హైదరాబాద్ వస్తున్నాడు. బడి కంప్యూటర్లకు ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీ వెతకాలట, ఆబిడ్స్ ఫుట్‌పాత్ దాకా తోడు రమ్మన్నాడు. అక్కడే చెబుతాను. ఏమంటాడో తెలియదు. ఏమన్నా వింటాను.

ఫుట్‌పాత్ మీద కొన్న సీడీ వాపసు తీసుకోరు. గీతలున్నాయేమో కొనేముందే, వాడు చెప్పినట్టు రెండుసార్లు చూసుకోవాలి.