నమిలి తిన్న ముద్ద

ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం ముసలివాళ్ల పని అనుకునే వయసు అది. నాకేమో ఇరవై ఆరేళ్లకే ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి తేన్పులు. తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి పోవడం, ఖాళీ కడుపున మూడు టీలు తాగడం, ఇంటికి రాగానే బజ్జీలు తిని పడుకోవడం, ఇంతే నా బతుకు. డాక్టరు చీటీ నిండా రాసిచ్చాడు. కారం, టీ తగ్గించాలి, కొంచెంకొంచెంగా బాగా నమిలి తినాలి, తిన్న వెంటనే నడుం వాల్చకూడదు, మంచం తలవైపు ఎత్తుండాలి. మా మేనత్త (అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే) తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. పొద్దునకల్లా నేను జారిపోయి కాళ్లవైపు ముడుచుకొని ఉండేవాణ్ణి. అయినా మంట సగం తగ్గింది. మిగతా సగం తగ్గించింది బంగారుపేటలో ఎక్కే ఒక అమ్మాయి. నా చేతిలో టీ కప్పు లాక్కొని అరటిపండు పెట్టేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

పెద్దవాళ్ల మధ్య పెళ్లి మాటలు నడిచాయి. దాదాపు ఖాయమే అనుకొని పల్లెలో వాళ్లింటికి భోజనానికి పిలిచారు. బస్సులో అత్త చెవిలో చెప్పింది. "జబ్బు గిబ్బు అని నోరెత్తొద్దు నాయనా. పెండ్లయినాంక చెప్పుకుందాం."

ఆకులో వేడివేడి రాగిముద్ద, నాటుకోడి పులుసు. మా వైపు ముద్దను నమలరు, పులుసులో అద్ది మింగుతారు. నమిలేది జబ్బు మనుషులే. నేను డాక్టరు మాట జవదాటని బుద్ధిమంతుణ్ణి కదా, పులుసు పక్కకు నెట్టి, ఒక్కో తునకను ఇరవైసార్లు నమిలాను. పళ్లకంతా రాగి అతుక్కుంది. అందరూ చేతులు కడుక్కున్నా నా ముద్ద సగం కూడా కాలేదు. వాళ్ల అవ్వ గడపలో నుంచి, "పాపం, బిడ్డకి గొంతులో ఏందో ఉండాది" అంది. తర్వాత చాప పరిస్తే పడుకోకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో వాకిట్లో పచార్లు చేశాను. అమ్మాయి నాన్న దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఏమప్పా, ఒంట్లో ఏమన్నా ఉండాదా? దాచొద్దు." అత్త నన్నే చూస్తోంది. "ఏమీ లేదు మామా" అన్నాను.

మరునాడు రైల్లో ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నీకు క్యాన్సరని మా ఇంట్లో అనుకుంటా ఉండారు. ఉత్త ఆసిడిటీ అని మా నాయనకి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెప్పినాను, నమ్మలేదు." ఆదివారం చేస్తానన్నాను. ఆదివారం వస్తే అత్త, "ఇప్పుడు చెప్తే అబద్ధమాడినామని తెలిసిపోతాది. ఇంగ కొన్నాళ్లు ఆగు" అంది. ఆగాను. మూడో వారం నుంచి ఆ పిల్ల రైలెక్కలేదు. ఆమెకు వేరే సంబంధం కుదిరిందని ఎవరో చెప్పారు. ఆ రోజు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు నలభై దాటాయి. సాయంత్రం ఏడింటికే తినేస్తాను, మంట అదుపులోనే ఉంది. పెళ్లిళ్లలో నా పక్కన ఎవరు కూర్చున్నా నా ఆసిడిటీ పురాణం విప్పుతాను. పాపం, ప్లేటు పట్టుకొని ఇంకో వరుసకు పారిపోతారు. నాకూ నవ్వొస్తుంది. అడగనివాళ్లందరికీ ఇంత చెప్తున్నానే, అడిగిన ఆ ఒక్క పెద్దాయనకు మాత్రం ఏమీ లేదన్నాను.