బూరల్లో నీళ్లు

వీధి చివర సైకిళ్లకీ బండ్లకీ పంక్చర్లు వేసే ఆవిడని అందరూ పంక్చర్ పిన్ని అంటారు. రోజంతా టైర్లలో గాలి నింపిన మనిషికి సాయంత్రమైతే ఇత్తడి బూర ఊదడమంటే ప్రాణం. చిన్నప్పుడు బడి బ్యాండులో అబ్బిన విద్య అది. ప్రార్థన మందిరం అటకమీద నాలుగు పాత బూరలు పడి ఉన్నాయని తెలిసిన రోజు ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. ఒకటి తను పుచ్చుకుని, మిగతా మూడూ మరిదికీ, పాలావిడకీ, ఎదురింటి దర్జీకీ అంటగట్టింది.

మందిరం పెత్తనం పిన్ని అత్తగారిది. మొదటివారం ఆ ఊదుడు విని ఆవిడ చెవులు మూసుకుంది. వచ్చే నెల ప్రార్థనలో ఒక్క పాటైనా భక్తిగా వినిపించకపోతే బూరలు పాత సామాన్లవాడికి వేసేస్తానని తెగేసి చెప్పింది.

కొత్తవాళ్లు ముగ్గురికీ పలికేవి నాలుగు స్వరాలే. వాటితోనే పిన్ని దేవుణ్ణి దయ చూడమని అడిగే చిన్న పాట కట్టింది. అంతా బాగానే ఉంది గానీ, ఊదేవాళ్ల ఊపిరి తడి బూరలో నీళ్లయి చేరుతుంది. పాట సగానికొచ్చేసరికి మరిది బూర గుడగుడలాడేది. అందుకని పిన్ని మధ్యలో కాస్త మౌనం పెట్టింది. ఆ కాసేపట్లో తలలు వంచి, బూరలు దించి, కాళ్ల దగ్గర పరిచిన గుడ్డమీద నీళ్లు ఒంపేసుకోవాలి.

తీరా ప్రార్థన రోజున, మరిది కంగారుకి పాట రెండో పాదంలోనే గుడగుడ మొదలైంది. ముందు బల్లమీద కూర్చున్న అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. ఇక లాభం లేదనుకుని పిన్ని, మౌనం రాకముందే బూర దించి తల వంచేసింది. బతికిపోయామనుకుని మిగతా ముగ్గురూ దించేశారు. అది చూసి మందిరమంతా తలలు వంచింది. దగ్గులు ఆగాయి, చంటిపిల్లల గోల కూడా సద్దుమణిగింది. నీళ్లన్నీ ఒంపేసినా ఎవరూ కదలరు. పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తనకి తెలియకుండానే నిజంగా ప్రార్థించింది. ఆ తర్వాత నాలుగు బూరలూ ఒక్క గొంతుతో పలికాయి.

బయటికొచ్చాక అత్తగారు కళ్లు తుడుచుకుంటూ పిలిచింది.

"మీ ఊదుడు సంగతి సరే అమ్మాయ్. మధ్యలో అలా ఆగారు చూడు, దేవుడొచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది నాకు. బూరలు మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చేసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగండి" అంది.

నీళ్ల సంగతి నోటిదాకా వచ్చింది. పిన్ని దాన్ని అక్కడే మింగేసింది.

"అలాగే అత్తయ్యా. మీరు చాలనేదాకా ఆగుతాం" అంది, సంతోషం పట్టలేక.