మైల లేని మూడు రోజులు

మాది పామర్రు దగ్గర పల్లె. క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో అంటూ ముట్టూ లేవని, మా ప్రార్థన గుడికి సంఘపెద్ద అయిన నాన్న గర్వంగా చెప్పేవాడు. గర్వపడాల్సిన విషయమే, కాదనను. చుట్టుపక్కల ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు పెరట్లో విడిగా కూర్చుంటే, మా అమ్మ ఆ రోజుల్లోనూ వంట చేసేది, ఆదివారమైతే గుడికొచ్చి పాట పాడేది, నాట్ల కాలమైతే బురదలో వంగి నాట్లు వేసేది. దేవుడి ముందు మైల లేదన్నంతవరకూ బాగానే ఉంది. నొప్పి కూడా లేదని ఎవరు తేల్చారో నాకిప్పటికీ అంతుపట్టదు. విడిగా కూర్చోవడం పరాయి ఆచారం కాబట్టి, ఆ రోజుల్లో నడుం వాల్చడం కూడా పరాయి ఆచారమే అయిపోయింది మాకు.

డెబ్బైల మొదట్లో ఇంటర్ చదవడానికి బెజవాడ వచ్చి మేనత్త ఇంట్లో ఉన్నాను. నాన్నకు సొంత చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే కుట్టుపని నేర్చుకుని ఒక బడిలో కుట్టు టీచరుగా చేరింది. ఆవిడ నోటికి జడిసి పాలవాడు మా గిన్నెలో పోసే పాలల్లో మాత్రం నీళ్ళు తగ్గించేవాడు.

నాకు ప్రతి నెలా మొదటిరోజు నరకమే. పొత్తికడుపులో మెలిపెట్టేది, తిన్నదంతా వాంతయ్యేది. ఒకటి రెండుసార్లు క్లాసులోనే కళ్ళు తిరిగి పడిపోతే కాలేజీవాళ్ళు రిక్షాలో ఇంటికి పంపారు. సంగతి మా ఊరిదాకా పాకింది. నాన్న వచ్చాడు. నా మొహం చూడకుండా అత్తతో అన్నాడు.

"ఇంకోసారి ఇట్టా రిక్షాలో దింపారంటే తీసుకెళ్ళిపోతానమ్మాయ్. ఒంటికి పడని చదువు దానికెందుకు?"

నాకేమో వృక్షశాస్త్రమంటే ప్రాణం. పువ్వును నిలువునా కోసి భూతద్దం కింద చూస్తుంటే అన్నం సంగతి కూడా మర్చిపోయేదాన్ని. అది పోతుందన్న భయంతో, నాకేమీ లేదని చూపించుకోవడానికి ఆ రోజుల్లోనే ఎక్కువ పనిచేసేదాన్ని. పంపు దగ్గర బిందెలు మోసేదాన్ని, పప్పు రుబ్బేదాన్ని. అత్త కూడా, "కదులుతా ఉంటే అదే సర్దుకుంటదిలే" అనేది. సర్దుకునేది కాదు.

పక్క వాటాలో ఇంటిగలావిడ ఉండేది. వాళ్ళింట్లో ఆచారం గట్టిది. నెలనెలా ఆవిడ వెనక వసారాలో చాప, చెంబు, వారపత్రిక పెట్టుకుని కూర్చునేది. ఒకసారి ఇద్దరికీ ఒకేరోజు వచ్చింది. పెరట్లో బట్టలు ఉతుకుతూ నొప్పికి తట్టుకోలేక బండ మీద కూలబడ్డాను. ఆవిడ కాసేపు చూసి నెమ్మదిగా అంది.

"మీరు అదృష్టవంతులమ్మా. ఈ రోజుల్లోనూ ఎక్కడికైనా వెళ్తారు. నాకు లేచి అలా కాలవగట్టు దాకా నడవాలనుంటుంది."

"నాకు మీ చాప మీద పడుకోవాలనుందండీ, పిన్నిగారూ" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. వంటింటి కిటికీ దగ్గరున్న అత్త మాత్రం నవ్వలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుని, "వాళ్ళ మైల మనకొద్దు. ఆ పడక మటుకు మనకీ కావాల్సిందే. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదే" అంది. అంత సూటిగా తన తప్పు తనే ఒప్పుకోవడం అత్తకు కొత్త.

మర్నాటి నుంచి నా ఒళ్ళు అత్త చేతిలోకి వెళ్ళింది. ముందు ఒక లేడీ డాక్టరుకు చూపించింది. వేరే జబ్బేమీ లేదు, రక్తం తక్కువగా ఉందని ఆవిడ మాత్రలు రాసి, తిండి బాగా పెట్టమంది. తిండి విషయంలో అత్తకు ఒకరు చెప్పాలా! నువ్వులు దోరగా వేయించి బెల్లంతో కలిపి దంచి చిమ్మిలి చేసింది. పిల్ల పెద్దమనిషైనప్పుడు నాలుగు రోజులు చిమ్మిలి పెట్టి ఊరుకోవడం మా వైపు అలవాటు. అత్త దాన్ని నెల పొడుగునా పెట్టింది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మునగాకో తోటకూరో, సాయంత్రం కాలవగట్టు మీద నడక. నొప్పి రోజున వాము కషాయం, వేయించిన ఉప్పు మూటతో కాపడం. నానబెట్టిన మెంతులు కూడా నమిలించింది. వాటివల్ల నాకు చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇవన్నీ ఒక ఎత్తు, మొదటిరోజు చాప వేసి పడుకోబెట్టడం ఒక ఎత్తు. మూల కాదు, సరిగ్గా నట్టింట్లో వేసేది.

వీటిలో ఏది పనిచేసిందో నేను చెప్పలేను. నొప్పి పూర్తిగా పోలేదు కూడా. కానీ కొన్ని నెలలకు వాంతులు తగ్గాయి, కళ్ళు తిరగడం ఆగింది. మళ్ళీ రిక్షా ఎక్కలేదు.

అంతలో ఒకరోజు నాన్న బియ్యం మూట భుజాన వేసుకుని దిగాడు. సరిగ్గా ఆ రోజే నేను చాప మీదున్నాను. గుమ్మంలోనే ఆగిపోయాడు. చదువు అయిపోయిందనుకున్నాను.

"ఏంటిది? మనింట్లో కూడా మొదలెట్టావా ఈ మైల?" అన్నాడు అత్తతో.

అత్త జావ కలపడం ఆపలేదు. "మైలయితే పెరట్లో పడేస్తాను గానీ నట్టింట్లో ఎందుకు పడుకోబెడతానన్నయ్యా? ఇయ్యాల పడుకుంటే రేపు కాలేజీకి పోద్ది. ఇదిగో, ఈ గ్లాసు దానికియ్యి. అంటు లేదని గుళ్ళో చెప్పేది నువ్వే కదా."

నాన్న గ్లాసు తెచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నాడు. నేను తాగాక ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"మీ అమ్మకీ ఇట్టాగే ఉంటదా?"

"ఉంటది నాన్నా. కొంగు నోట్లో కుక్కుకుంటది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడన్నా అడిగావా?" అంది అత్త వంటింట్లోంచి.

మధ్యాహ్నం బస్సుకు నాన్న ఒక్కడే వెళ్ళాడు. వెళ్ళేముందు, "ఆ చిమ్మిలి కాస్త మీ వదినకి కట్టియ్యి" అని అడిగాడు.

నేను ఇంటర్ పూర్తిచేసి, ఆ పైన చదివి, నా జీవితమంతా పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. నా కూతురికి మొదటిరోజు నుంచే నడుం వాల్చడం నేర్పాను. ఇదంతా అత్త పెట్టిన భిక్ష. ఆవిడ ఉన్నప్పుడే ఈ మాట చెబితే, "చాల్లే, జావ తాగు" అంది.

నాన్న వచ్చి వెళ్ళిన ఏడాది నాట్ల రోజుల్లో సెలవు దొరికి ఊరెళ్ళాను. మా పల్లెలో నారు తీయడం మగవాళ్ళ పని, నాటడం ఆడవాళ్ళ పని. ఒకరి చేలో ఒకరు బదులు నాట్లు వేసుకునేవారు, ఎవరి వంతు వాళ్ళు వెళ్ళి తీరాల్సిందే. బస్సు దిగి గట్టు వెంట వస్తుంటే పక్కవాళ్ళ చేలో ఆడవాళ్ళు పకపకా నవ్వడం వినపడింది. వాళ్ళ వరసలో, అమ్మ ఉండాల్సిన చోట, మా గుడి సంఘపెద్ద పంచె ఎగగట్టి వంకరటింకరగా నాట్లు వేస్తున్నాడు.

"ఇదేంటి నాన్నా, నువ్వొచ్చావు?" అన్నాను.

నడుం పట్టుకుని లేచి, బురద చేతుల్తోనే చెమట తుడుచుకున్నాడు.

"మీ అమ్మ పడుకుంది" అన్నాడు.