ప్రార్థన నీళ్ళ డ్రమ్ము

సహోదరీ సహోదరులారా, బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కడిగే పని నాది, శుభ్రం గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదని తలెత్తుకుని తిరిగినదాన్ని, అలాంటి నా ఇంట్లోనే నా ఏడేళ్ళ బిడ్డ ఎస్తేరు మూడు నెలలు జ్వరంతో, విరేచనాలతో చిక్కి సగమైపోయింది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి, జ్వరం దిగగానే ఆపేసి, మిగిలినవి డబ్బాలో దాచి, మళ్ళీ వస్తే అవే వేసేదాన్ని. చివరికి ఏ మాత్రా పనిచేయలేదు. చిత్తూరు ఆసుపత్రిలో బిడ్డ కళ్ళు తెరవకుండా పడి ఉంటే నా ప్రాణం పోయినట్టయింది.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది. "మామూలు మందులకు ఈ క్రిమి లొంగదమ్మా. ఒక్క రకం ఇంజెక్షనే మిగిలుండాది. అది పనిచేసినా, నీళ్ళు మార్చకుంటే మళ్ళీ వస్తాది. తాగే నీళ్ళు యాడివి?"

మా బోరువని చెప్పాను గానీ అసలు సంగతి దాచేశాను. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సీసాతో నీళ్ళు పెట్టి, ప్రార్థన అయ్యాక తెచ్చి ఇంట్లో డ్రమ్ములో కలిపేదాన్ని. ఆ నీళ్ళు పారబోస్తే పాపమని మూడేళ్ళుగా డ్రమ్ము ఖాళీ చేయలేదు, తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు నింపడమే, చెయ్యి పెట్టి చెంబు ముంచడమే. అదే నా విశ్వాసమని అందరి ముందూ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నా భర్త నీళ్ళు పరీక్ష చేయించుకొచ్చాడు. "బోరులోనూ అదే క్రిమి, మన డ్రమ్ములో ఇంకా జాస్తిగా ఉండాదంట. మరుగుదొడ్డి గుంట పక్కనే కదా బోరేసినాము. డ్రమ్ము కడుగుదామే అంటే ఎప్పుడన్నా విన్నావా?"

ఆసుపత్రి వరండాలోనే మోకరించాను. "తండ్రీ, ఆ నీళ్ళు పారబోస్తే నిన్ను తోసేసినట్టా? నాకు తెలీదు. నా బిడ్డను నాకియ్యి, నా చేతులకు ధైర్యమియ్యి." అలా ఏడుస్తుంటే నాకు తట్టింది, ఆయన డ్రమ్ములో లేడు, ఆ వరండాలో నా పక్కనే ఉన్నాడు. నేరుగా ఇంటికి వెళ్ళి డ్రమ్ము వంచేశాను. అడుగున వేలు మందాన జిగురు, ముక్కు పగిలే వాసన. బ్లీచింగ్ పొడితో రుద్ది ఎండబెట్టాను, ఆ బోరు నీళ్ళు తాగడం మానేశాం, ఏ నీళ్ళైనా కాచి మూతపెట్టే తాగుతున్నాం. ఇంజెక్షన్లు ఒక్కటీ మానకుండా వేయించాం. నాలుగో రోజు ఎస్తేరు కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తాంది" అన్నది.

ఆ మహిమంతా నా దేవునిదే, కానీ గర్వంగానే చెబుతాను, ఆయన ఇంత చేస్తే తలొంచుకుని ఎందుకు చెప్పాలి? నా మాట విని పాస్టరయ్య కూడా ప్రార్థన నీళ్ళు దాచుకున్న తన డ్రమ్ము వంచారు, అందులోనూ జిగురే. అదిగో, ఎస్తేరు ముందు వరుసలో కాచిన నీళ్ళ సీసాతో కూర్చుని నవ్వుతోంది. ఆయనను నమ్మండి, ఇంటికి పోయి మీ డ్రమ్ములు వంచండి. నీళ్ళు పారబోస్తే పోయే దేవుడు కాదు మన దేవుడు.