కంప్యూటర్ గొంతు పోయిన ఆదివారం

పెళ్లయిన కొత్తలో మేం పత్తికొండలో అద్దెకుండేవాళ్లం. నా భర్త అక్కడి హైస్కూల్లో సోషల్ టీచరు. మేనమామ కొడుకే కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాను. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పని చేసుకునేవారు. అది చదివే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం తల ఊపుతూ వినేవారు.

ఒక ఆదివారం పొద్దున పాతది తీసేసి, అదే కంపెనీ వాళ్ల కొత్తది ఎక్కించారు. రీస్టార్ట్ చేస్తే టింగుమని ఒక శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మూడుసార్లు చేసినా అంతే. సోమవారానికి ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఆయన రెండు చేతులూ కీబోర్డు మీద ఊరికే పెట్టుకుని కూర్చున్నారు. అట్లా ఏ పనికీ ఆగిపోవడం అంతకుముందు నేను చూడలేదు.

"మే, ఒకసారి ఇట్లా రా. ఏమొచ్చిండాదో చూసి చెప్పు."

కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. మాది మైదుకూరు దగ్గర మగ్గాల ఇల్లు. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, చదువు మానేసి నేనూ మగ్గం మీద కూర్చున్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం ఒకరి చెవిన పడాలంటే నాకెంత సిగ్గో మాత్రం తెలీదు.

"ఏదో డబ్బా వచ్చిండాది బావా. ఎర్ర గుర్తుండాది. ఫైలు లేదంటాంది."

"పాతది తీసేసినా దాని ఫోల్డరు లోపలే ఉండిపోయింటాది. కొత్తది పోయి దాంట్లో ఎతుకుతాంది. దాన్ని తీసేస్తే సరిపోతాది."

ఆయన మౌస్ ముట్టరు. ఏవేవో కీలు నొక్కితే పసుపు రంగు ఫోల్డర్లు బారుగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, ఆ పేరు రాగానే ఆపమన్నారు. ఒక్కో పేరు మీదుగా నీలం పట్టీ కిందికి దిగుతోంది. మొదటి నాలుగు అక్షరాలు కలవగానే "ఇదే బావా" అనేశాను. తీసేశారు. ఈసారి రీస్టార్ట్ చేస్తే ఆ టింగు కూడా రాలేదు.

"పేరు కడదాకా చదివినావా?"

"లేదు. శానా పొడుగుండె." నాకు ఏడుపొచ్చేసింది. "నాకు ఇంగ్లీషు చదవనీకి రాదు బావా. ఇంక నీ పనంతా చెడగొడతాండా."

ఆయన చేత్తో తడిమి నా మోచెయ్యి పట్టుకున్నారు. "దీనికే ఏడుస్తారా? తీసేసింది యాడికీ పోలేదు, చెత్తబుట్టలోనే ఉంటాది. నేను వేళ్లతో బ్రెయిలీ చదవనీకి నేర్చుకునేటప్పుడు ఒక్క లైనుకు అరగంట పట్టేది. నా ముందర నీకు సిగ్గేంది? ఒక్కో అక్షరం చెప్పు. నాకేం తొందర లేదు."

పోయినదాన్ని చెత్తబుట్టలో నుంచి వెనక్కి తెచ్చారు. అప్పుడు చూస్తే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లున్నాయి, చివర అంకెలే వేరు. తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాను. నా వెనకే ఆయనా పలికారు. పాత అంకె ఉన్నది తీసేశాం. మళ్లీ రీస్టార్ట్ చేశారు. కాసేపటికి కంప్యూటర్ గడగడా చదవడం మొదలుపెట్టింది. ఆయన గట్టిగా నవ్వి "వచ్చె, వచ్చె" అన్నారు.

నేను సంగటి కెలికి దించేలోపల ప్రశ్నపత్రం సగం అయిపోయింది. భోజనాలయ్యాక మిగతాదీ ముగించి, శబ్దం పూర్తిగా తగ్గించి ల్యాప్‌టాప్ నా వైపు జరిపారు.

"తప్పులుండాయేమో నువ్వొకసారి చదువు."

"అది చదివింది కదా బావా."

"అది చదివింది విన్యా. ఇప్పుడు నువ్వు."

పన్నెండు ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులోనే. రెండోదాంట్లోనే కాన్‌స్టిట్యూషన్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాటేమిటో ఆయనకు తెలుసు, అయినా అందించలేదు. అట్లాగే చెవి ఒగ్గి కూర్చున్నారు. మూడోసారికి పలికాను.

"ఊఁ, తర్వాత?" అన్నారు.