వీపు తడితే మడుచుకునే కత్తి

మామిడి అంట్లు కట్టడం నా పని. పుంగనూరు దారిలో ఉన్న ఒక నర్సరీకి కురబలకోట పక్క పల్లె నుంచి రోజూ మదనపల్లెలో బస్సు మారి వెళ్ళి వస్తాను. అక్కడ మేస్త్రీ మా బావ, నా భర్తకు సొంత అన్న. నన్ను పనిలో పెట్టింది ఆయనే, కత్తి పట్టడం నేర్పిందీ ఆయనే. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. ఎందుకంటే మూడేళ్ళుగా ఆయనతో నేను మాట్లాడటం లేదు. మాట్లాడే ఉద్దేశం కూడా లేదు.

అంటు కట్టాలంటే, టెంక నుంచి మొలిచిన మొక్కను జానెడు ఎత్తున కోసి, ఆ మోడును నిలువునా చీల్చాలి. మంచి రకం కొమ్మ మొదలును రెండు వైపులా పలచగా చెక్కి, ఆ చీలికలోకి దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. దీనికి జేబులో పట్టే మడత కత్తి కావాలి. మా అందరికీ కత్తులు తెచ్చేది బావే. ఎప్పుడూ ఒకే రకం తెచ్చేవాడు. తెరిస్తే టక్కున నిలబడేది, మూస్తే టక్కున మూసుకునేది. ఆ టక్కుమనే శబ్దం విని అది గట్టిగా బిగిసిందని నేను నమ్మాను.

ఆ రోజు వాన వెలిసిన పొద్దున. మొక్క కాస్త ముదిరింది. మోడును చీలుస్తుంటే కత్తి అందులో ఇరుక్కుంది. పైకి లాగాను, రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. కట్టె కత్తిని కిందికి పట్టుకుంది, నా చెయ్యి పిడిని పైకి లాగింది, మధ్యలో ఉన్న స్ప్రింగు లొంగిపోయింది. కత్తి ఊడి వస్తూనే పిడిలోకి మడుచుకుంది. ఆ పిడి చుట్టూ ఉన్నది నా చూపుడు వేలు.

మదనపల్లె ఆసుపత్రిలో ఐదు కుట్లు వేశారు. కుట్లు వేస్తుండగానే బావ గుమ్మంలో నిలబడి ఓనరుకు ఫోను చేశాడు.

"ఫోనులో మాట్లాడతా కోసుకునిందన్నా. ఎంత సెప్పినా ఇనరు ఈ ఆడోళ్ళు."

నా ఫోను అన్నం క్యారియరు సంచిలో ఉంది. షెడ్డులో ఉన్న ఆరుగురికీ ఆ సంగతి తెలుసు. బావకూ తెలుసు. కానీ ఆయన నాకు పెద్ద, అంతవరకు ఆయన మొహంలోకి చూసి మాట్లాడి ఎరగను. ఇంటికి వచ్చాక నా భర్తకు చెప్పాను.

"పెద్దోడు. ఏదో అన్న్యాడు, పోనీలే" అన్నాడాయన, టీవీ మీదినుంచి కళ్ళు తిప్పకుండా. ఆ మాటను నేను ఇప్పటికీ పోనివ్వలేదు.

కుట్లు విప్పాక పనికి వెళితే నా బల్ల దగ్గర ఇంకొకామె కూర్చుని ఉంది. బావ నన్ను కవర్లలో మట్టి నింపే పనికి పంపాడు. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నల్ల కవర్లలో కూరుతూ ఐదు నెలలు గడిపాను. మధ్యలో ఒకసారి వచ్చి, "కత్తి పనోళ్ళని నమ్ముతాదమ్మే, మాటలోళ్ళని కాదు" అని నవ్వి పోయాడు. ఆ నవ్వుకు చేతిలో ఉన్న మట్టి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. కత్తుల సంగతి ఏదో తేల్చుకోవాలని మాత్రం ఆ రోజే అనుకున్నాను.

పుంగనూరు సంతలో కొడవళ్ళు, కత్తిపీటలు అమ్మే ఒక ముసలాయన ఉన్నాడు. తమిళనాడు వైపు నుంచి వస్తాడు. ఆయన పరిచిన గోనె మీద మడత కత్తులూ ఉన్నాయి. ఒకదాని వీపు మీద చిన్న మీట కనిపించింది.

"ఇదేందప్పా, వీపు మీద మీట ఉండాది?"

"అది నొక్కితేనే మడుస్తాదమ్మా. నొక్కకుంటే మడవదు."

నా వేలు కోసిన కత్తి సంచిలోంచి తీసి చూపించాను. ఆయన తెరిచి, పదును లేని వీపును తన మోకాలి మీద తట్టాడు. కత్తి తల వాల్చేసింది.

"దీనికి లాకే లేదు కదమ్మా. స్ప్రింగు ఒకటే. పండు కోసుకోను సాలు. దీంతో కట్టె సీల్చమన్నోడు ఎవుడు?"

మీట కత్తి తీసుకున్నాను. మెడ దగ్గర ఇనుప ఉంగరం తిప్పి బిగించేది ఇంకొకటి కూడా ఆయన దగ్గరే తీసుకున్నాను. తరవాతి వారం మదనపల్లెలో హార్డువేరు షాపులో మూడో రకం దొరికింది. కత్తి తెరవగానే పిడి లోపలి పలచని రేకు పక్కకు జరిగి కత్తి మొదలు వెనక అడ్డం నిలబడుతుంది.

నెలరోజులు మా ఇంటి వెనక మామిడి కొమ్మల మీద నాలుగింటినీ చూశాను. చేతికి పాత బూటు తోలు చుట్టుకుని, ప్రతి కత్తినీ కట్టెలో ఇరికించి పైకి లాగాను. ఉంగరం కత్తి బిగిస్తే కదలదు, కానీ బిగించడం మరిచిపోతే బావ కత్తికీ దానికీ తేడా లేదు. పైగా మామిడి సొన ఉంగరంలోకి దిగి ఎండితే, రెండు చేతులతో తిప్పినా తిరగదు. రేకు కత్తి కొత్తలో బాగుంది. పిడిలోకి మట్టి చేరాక రేకు సగమే జరిగి ఆగింది, గట్టిగా తడితే జారిపోయింది. దాన్ని మూయాలంటే బొటనవేలు కత్తి దారిలోనే పెట్టాలి, అదీ నాకు నచ్చలేదు. వీపు మీట కత్తి ఎంత లాగినా నిలబడింది. మీట దిగే గాట్లోనూ మట్టి చేరుతుంది, కానీ పుల్లతో గీరితే పోతుంది.

నా భర్త గడపలో కూర్చుని చూస్తూ, "మా అన్న మీద కోపం కొమ్మల మీద తీర్చుకుంటాండావు" అన్నాడు.

"అవును" అన్నాను.

ఆ చలికాలంలో కుప్పంలో మామిడి రైతులకు శిక్షణ పెట్టారు. అంటు కట్టి చూపించడానికి ఓనరు బావను పంపాడు. కొమ్మలు, కవర్లు మోయడానికి నన్ను పంపాడు. బస్సులో బావ ముందు సీటులో, నేను చివర కూర్చున్నాం. అక్కడ హాలు నిండా రైతులు. రామకుప్పం నుంచి వచ్చినవాళ్ళు ఏనుగులు విరిచేసిన చెట్ల గురించే మాట్లాడుకుంటున్నారు. బావ బల్ల ముందు నిలబడి చకచకా మూడు అంట్లు కట్టాడు. ఆయన చెయ్యి మంచిదే, కాదనను. ఒక రైతు లేచి, ఏ కత్తి వాడాలని అడిగాడు.

"ఏ కత్తయితేనేం? మా నర్సరీలో ఇదే వాడతాం" అని బావ తన కత్తి ఎత్తి చూపించాడు. "లాకులూ గీకులూ రౌడీలకప్పా. పని తెలిసినోడికి ఎందుకు? మా దాంట్లో ఒకామె ఫోనులో మాట్లాడతా కోసుకునింది. అది కత్తి తప్పా?"

నేను సంచి పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. అందులో తెచ్చుకున్న నాలుగు కత్తులూ తెరిచి వరసగా పెట్టాను. ఒక్కొక్కటే పిడి కొస పట్టుకుని, వేళ్ళు దూరంగా పెట్టి, వీపును బల్ల అంచు మీద కొట్టాను. బావ వాడే రకం మొదటి దెబ్బకే మడుచుకుంది. రేకుది మూడో దెబ్బకు జారింది. ఉంగరందీ, మీటదీ నిలబడ్డాయి. తరవాత నా వేలు ఎత్తి అందరికీ చూపించాను.

"ఆ ఒకామె నేనే. బావా, ఆ పొద్దు నా ఫోను యాడుండాది? నువ్వే సెప్పు."

"ఇంటి మాటలు ఈడ యాలమ్మే?"

"ఇంటి మాట ఇంత మందిలో నువ్వే తెస్తివి. ఫోను యాడుండాది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన కత్తి మడిచి జేబులో వేసుకుని హాలు దాటి వెళ్ళిపోయాడు. మిగతా అంట్లు నేను కట్టి చూపించాను. సాయంత్రం బస్సులో ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.

కుప్పం సంగతి ఓనరు చెవిన ఎవరు వేశారో తెలియదు. నెల తిరగకముందే అందరికీ వీపు మీట కత్తులు వచ్చాయి. నా బల్ల నాకు వచ్చింది. నా వేలి కొసకు స్పర్శ మాత్రం రాలేదు. పట్టీ ఎంత బిగించానో ఆ వేలికి తెలియదు, కంటితో చూసుకోవాలి. బావ ఇప్పటికీ మేస్త్రీయే.

కొన్నాళ్ళకు బావ భార్య, నా తోడికోడలు, ఇంటికి వచ్చింది.

"ఏమ్మే, ఆయన నీ కాళ్ళ మీద పడల్నా ఏంది?"

"వద్దక్కా. ఫోను మాట అబద్ధమని ఓనరుతో ఒక్క మాట సెప్తే సాలు."

"ఆయన సెప్పడు" అందామె.

"అయితే నేనూ మాట్లాడను."

కాఫీ తాగి వెళ్ళిపోయింది.

మొన్న బావ షెడ్డులోకి వచ్చి, నా పక్కన కూర్చునే ఆమెతో, కొమ్మలు వాడిపోతున్నాయి, తొందరగా కట్టమని చెప్పు అన్నాడు. కడుతూనే ఉన్నానని చెప్పు అని నేనూ ఆమెతోనే అన్నాను. ఆమె ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా తన మొక్క తాను చీల్చుకుంది.